నిదానమే ప్రధానం



ముప్పై రెండేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి పుచ్చుకున్న తెలుగు పండితుడు కారు బ్రేకుల గురించి రాయబూనడం మీలో కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. పద్యాల మీద నడుస్తున్న చర్చ మధ్యలో ఈ ఇనుప గోల ఏమిటని అడగవచ్చు. అయినా రాస్తున్నాను. కారణం ఒక్కటే. నేనూ నా ఇల్లాలూ ఆ రోజు బతికి బయటపడ్డాం. ఆ తరువాత మాకు జరిగిన మరమ్మతు ప్రమాదం కంటే పెద్ద ప్రమాదమయింది. దాని మూలం వెదకుతూ పోతే చివరకు తేలింది ఒక మాట దగ్గర.

జరిగింది ముందు చెబుతాను.

మృగశిర కార్తె వెళ్ళే రోజులు. అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో, బత్తలపల్లి ఇంకా రాకముందు, చినుకులు మొదలయ్యాయి. మా సీమ సంగతి ఎరుగని వారికి ఒక మాట. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. నెలల తరబడి ఎర్రదుమ్ము రోడ్డు మీద పేరుకుంటుంది. కుంభవృష్టి కురిస్తే అది కొట్టుకుపోతుంది. నాలుగు చినుకులు పడితే మాత్రం చమురు పూసిన పలకలా తయారవుతుంది. తొలకరి మాకు పండుగే గాని, తొలకరి రోడ్డు పండుగ కాదు.

ఎదుట గొర్రెల మంద రోడ్డు దాటుతూ ఉంది. నేను పెద్ద వేగంలో లేను. బ్రేకు తొక్కాను. బండి ఆగడానికి బదులు వెనుక భాగం ఎవరో పట్టి ఈడ్చినట్టు కుడివైపుకు తిరిగింది. స్టీరింగు ఎటు తిప్పానో గుర్తు లేదు. కళ్ళు తెరిచేసరికి మేము వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి, రోడ్డు అంచున చింతచెట్టుకు నాలుగు అడుగుల దూరంలో నిలిచి ఉన్నాం. నా ఇల్లాలు ఒక్క మాటా అనలేదు. ఆమె చేయి మాత్రం చాలాసేపు నా భుజం వదలలేదు. గొర్రెల కాపరి వచ్చి, తడిసిన దుమ్ములో మా వెనుక చక్రాలు గీసిన రెండు గీతలు కర్రతో చూపించి, "ఎనకల చక్రాలు తిరగనే లేదు సామీ, జారుకుంటా వచ్చినాయి" అన్నాడు.

ఆ రెండు గీతల్లోనే రోగనిర్ణయం సగం ఉందని నాకు అప్పుడు తెలియదు.

మరునాడు బండిని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకుపోయాను. ఊరు, పేరు అనవసరం. "వెనుక బ్రేకు జామ్ అయింది" అని నేనే చెప్పాను. అతడూ "జామ్ అయిందా సార్" అని తల ఊపి, వెనుక డ్రమ్ములు విప్పి, షూలు కొత్తవి వేశాడు. ముందు చక్రాల వైపు చూడలేదు. నేను చూడమని అడగనూ లేదు. వారం గడవకముందే ఖాళీ రోడ్డు మీద మళ్ళీ తోక ఊపింది. రెండవసారి పోతే, వెనుక షూల ఎడం సరిచేసే పళ్ళచక్రాన్ని బాగా వెనక్కు తిప్పి, "ఇప్పుడు పట్టదు సార్" అన్నాడు.

నిజమే, పట్టలేదు. జారడం ఆగిపోయింది. నేను సంతోషించాను. పది రోజుల తరువాత మా వీధి వాలులో హ్యాండ్ బ్రేకు వేసి ఇంట్లోకి వెళ్ళాను. బండి తనంతట తాను కదలి, ఎదురింటి అరుగును తాకి ఆగింది. సాయంకాలమైతే ఆ అరుగు మీద పిల్లలు కూర్చొని ఉంటారు. ఆ వేళ ఎవరూ లేరు. ఈ టపా రాయించింది చింతచెట్టు కాదు, ఆ అరుగు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

"జామ్" అనే మాట మనం రెండు వేరు వేరు రోగాలకు వాడుతున్నాం. ఒకటి, బ్రేకు పట్టుకొని విడవకపోవడం. రెండవది, తొక్కినప్పుడు పట్టవలసిన దానికంటే ముందుగా, గట్టిగా పట్టి, చక్రం తిరగడం మాని జారడం. మొదటిది విడువని రోగం. రెండవది తొందరపడే రోగం. వీటి కారణాలు వేరు, పరీక్షలు వేరు, మందులు వేరు. ఉబ్బసానికీ క్షయకూ రెంటికీ "దగ్గు" అని పేరు పెట్టి ఒకే మందు పోస్తే ఏమవుతుందో, ఇక్కడా అదే అవుతుంది.

మొదటి రోగం గుర్తులు ఇవి. బండి బరువుగా లాగుతుంది. కొంతదూరం పోయి ఆపితే వెనుక చక్రం దగ్గర వేడి, కాలిన వాసన. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కడిగిన తరువాతో, వానలో తడిసిన తరువాతో హ్యాండ్ బ్రేకు వేసి వారాలపాటు నిలిపిన బండి అయితే తుప్పుతో షూలు డ్రమ్ముకు అతుక్కొని అసలు కదలనే కదలదు.

దీనికి చక్కని పరీక్ష ఒకటి ఉంది. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వెనుక భాగం జాకీతో ఎత్తి, కింద గట్టి ఆధారం నిలిపి, హ్యాండ్ బ్రేకు దించి, చక్రాన్ని చేత్తో తిప్పాలి. బిగుసుకొని ఉంటే, చక్రం వెనుక గాలి తీసే నిప్పిల్‌ను కొద్దిగా వదులు చేయాలి. ద్రవం చిమ్మి చక్రం విడివడితే దోషం ద్రవమార్గంలో ఉన్నట్టు. లోపల ఉబ్బి దారి మూసుకున్న రబ్బరు గొట్టం గాని, వెనక్కు వచ్చే రంధ్రం పూడిన మాస్టర్ సిలిండర్ గాని కారణం కావచ్చు. నిప్పిల్ వదులు చేసినా విడవకపోతే దోషం ఇనుములో ఉన్నట్టు. అంటే తుప్పు పట్టిన హ్యాండ్ బ్రేకు కేబులు, సాగిపోయిన స్ప్రింగు, బిగిసిన పళ్ళచక్రం, వీల్ సిలిండర్‌లో ఇరుక్కున్న పిస్టన్, ఇలాంటివి. కేబులు వదులు చేసి చూస్తే అందులోనూ ఏదో తేలిపోతుంది. నిప్పిల్ తెరిచాక లోపల చేరిన గాలిని తీయించడం మాత్రం మరువరాదు. చేయి తిరిగినవాడు దగ్గర లేకుండా ఈ పని చేయవద్దని మనవి.

ఈ సందర్భంలోనే ఇంకొక మాట చేసే అపకారం చెప్పాలి. బ్రేకులో పోసే ద్రవాన్ని మనం "బ్రేక్ ఆయిల్" అంటాం. అది ఆయిల్ కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. "ఆయిల్ తగ్గింది" అని విని ఇంజన్ ఆయిలో, మరొక నూనెనో పోసేవారు ఉన్నారు. నూనె తగిలితే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి, పిస్టన్లు వెనక్కు రాక, బ్రేకులు విడవవు. తరువాత ఆ రబ్బరు అంతా మార్చవలసిందే. పేరు పెట్టినవాడు తప్పు చేశాడు, శిక్ష పడేది పోసినవాడికి. పైగా ఆ ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి సుమారు రెండేళ్ళకొకసారి మార్చడం మంచిది.

రెండవ రోగం, మాకు వచ్చినది, దీనికంటే లోతైనది. బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. బస్సులో నిలబడినవాడు ముందుకు తూలినట్టే. వెనుక చక్రాల మీద బరువు తగ్గి, అవి నేలను తేలికగా తాకుతుంటాయి. తేలికైన చక్రాన్ని ఆపడానికి కొద్ది బలం చాలు. అందుచేత ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే కావాలి. వెనుకకు పోయే ఒత్తిడిని ఒక హద్దు దాటాక తగ్గించే కవాటం చాలా చిన్న కార్లలో ఉంటుంది. కొన్నింటిలో అది వెనుక ఇరుసుకు ఒక కడ్డీతోనో స్ప్రింగుతోనో కలిపి ఉండి, బండిలో బరువెక్కితే ఎక్కువ ఒత్తిడిని, ఖాళీగా ఉంటే తక్కువ ఒత్తిడిని పంపుతుంది.

జారవలసి వస్తే ముందు చక్రాలే మొదట జారేటట్టు కారును రూపొందిస్తారు. ముందు చక్రాలు జారితే స్టీరింగు పనిచేయదు గాని బండి సూటిగా పోతుంది. వెనుకవి జారితే సంగతి వేరు. తిరిగే చక్రం పక్కకు జరగకుండా నేలను పట్టి ఉంచుతుంది. బిగిసిన చక్రానికి ఆ పట్టు ఉండదు. ముందు చక్రాలు వెనక్కి లాగుతుంటే, పట్టు తప్పిన వెనుక భాగం ముందుకు తోసుకువచ్చి బండిని చుట్టు తిప్పుతుంది. చింతచెట్టు దగ్గర మాకు జరిగింది అక్షరాలా ఇదే. వెనుక చక్రం ముందుగా జారిందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే. దానిని "రోడ్డు జారుడు" అని సరిపెట్టుకోరాదు.

అరుగు సంఘటన తరువాత నన్ను ఒక పాత మిత్రుడు పాతూరులో ఉన్న ఒక వృద్ధ మెకానిక్ దగ్గరకు తీసుకుపోయాడు. ఆయన పానా పట్టుకోలేదు. స్టూలు చూపించి కూర్చోమన్నాడు.

"సామీ, ఎనకల చక్రం పట్టుకోని ఇడిసిపెట్టలేదా, లేకుంటే తొక్కినప్పుడు ఒక్కపారిగా పట్టుకునిందా?"

నేను నిర్ఘాంతపోయాను. ముప్పై రెండేళ్ళు భాష చెప్పిన నేను "జామ్" అన్న చోట, ఆయన రెండు క్రియలను విడదీశాడు.

తొక్కినప్పుడే అన్నాను. ప్రశ్నలు సాగాయి. బండిలో ఎంతమంది? ఇద్దరమే, అంటే వెనుక ఖాళీ. పొద్దున మొదటి బ్రేకుకా, దారిలోనా? దారిలో. (నిలిపి ఉంచిన బండి డ్రమ్ములో సన్నని తుప్పుపొర ఉంటే మొదటి ఒకటి రెండు బ్రేకులకు చటుక్కున పట్టి, తరువాత సర్దుకుంటుంది. అది పెద్ద రోగం కాదు.) రోడ్డు మీద గీత ఒకటా, రెండా? కాపరి చూపిన రెండు గీతలు అప్పుడు పనికివచ్చాయి.

"ఒగటే గీత అయింటే ఆ చక్రంలోనే తప్పు. రెండు పడినాయంటే ఎనకల గాదు సామీ, ముందర సూడాల."

ఒక్క గీతకు అర్థం కూడా ఆయనే చెప్పాడు. వీల్ సిలిండర్ కారి ద్రవమో, ఇరుసు దగ్గరి గ్రీజో షూకు అంటితే బ్రేకు జారిపోతుందని మనం అనుకుంటాం. బాగా తడిస్తే నిజమే. కొద్దిగా అంటి వేడికి కాలితే మాత్రం జిగట తేరి ఎక్కువగా పట్టుకుంటుంది. పైగా డ్రమ్ము తిరిగే దిశలో ఉన్న షూను ఆ తిరుగుడే ఇంకా బిగిస్తుంది. తలుపు కింద ఇరుక్కున్న చెప్పును చూడండి, తలుపు నెట్టే కొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. అందుకే డ్రమ్ము బ్రేకు కొద్దిపాటి మార్పుకే ఉలిక్కిపడుతుంది.

మా బండి ముందు చక్రాలు విప్పాడు. డిస్కుకు రెండు పక్కలా ఉండే ప్యాడ్లను చూపించాడు. లోపలిది అరిగి రేకు మిగిలింది. బయటిది దాదాపు కొత్తదిలా ఉంది. ఈ రకం క్యాలిపర్‌లో పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది లోపలి ప్యాడును నెడితే, క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడును లాగి అదుముతుంది. ఆ పిన్నుల మీది రబ్బరు తొడుగులు చిరిగిపోయి ఉన్నాయి. లోపల మా ఊరి ఎర్రదుమ్ము గ్రీజుతో కలిసి ఇటుకలా గట్టిపడింది. ఎడమవైపు పిన్నులు అసలు జరగడం లేదు. కుడివైపువి జరిగీ జరగకుండా ఉన్నాయి. ముందు చక్రాలు తమ వాటా పని మానేశాయి. బండి ఆగడం లేదని నేను ఇంకా గట్టిగా తొక్కుతున్నాను. ఆ ఒత్తిడి ఏ లోపమూ లేని వెనుక బ్రేకుల మీద పడింది. అవి చేయగలిగింది చేశాయి.

"ముందర ఎద్దు లాగకపోతే ఎనకల ఎద్దును కొట్టి ఏం లాభం సామీ" అన్నాడాయన.

నాకు నా తరగతి గది గుర్తుకు వచ్చింది. గొడవ చేసినవాడే కనబడతాడు. వాడి పక్కన కూర్చొని గిల్లినవాడు కనబడడు. ఎంతమంది పిల్లలను ఆ విధంగా దండించి ఉంటానో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మందు చాలా చిన్నది. పిన్నులు తీసి శుభ్రం చేసి, వేడికి తట్టుకొనే గ్రీజు పూసి, కొత్త రబ్బరు తొడుగులు, కొత్త ప్యాడ్లు వేశాడు. వెనుక పళ్ళచక్రాన్ని మళ్ళీ సరైన ఎడానికి తెచ్చాడు. డ్రమ్ము వెనుక పలకకు ఉన్న తనిఖీ రంధ్రపు రబ్బరు బిరడా ఎప్పుడో ఊడిపోయింది. దుమ్ము లోపలికి పోయే రాజమార్గం అదే. కొత్తది పెట్టాడు. దుమ్మును నోటితో ఊదలేదు, గాలి గొట్టంతో కొట్టలేదు. తడిగుడ్డతో తుడిచాడు. పాత లైనింగులలో రాతినార ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. నా మొదటి దుకాణంలో పదిహేనేళ్ళ పిల్లవాడు దానిని గాలి గొట్టంతో కొడుతూ ఉంటే నేను పక్కనే నిలబడి చూశాను. ఆ మౌనానికి సిగ్గుపడుతున్నాను.

నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. వెనుక చక్రం జారుతోందని వెనుక బ్రేకును వదులు చేయడం వైద్యం కాదు, రోగి నోరు నొక్కడం. బండి ఆగే దూరం పెరుగుతుంది, హ్యాండ్ బ్రేకు పోతుంది, అసలు రోగం ముందు చక్రాల్లో ముదురుతూ ఉంటుంది. గుర్తు మాత్రం మాయమవుతుంది. ఒత్తిడి తగ్గించే కవాటాన్ని తీసివేసి నేరుగా గొట్టం కలపడం, దాని కడ్డీని ఇష్టం వచ్చినట్టు వంచడం అంతకంటే పెద్ద తప్పు. అది ఖాళీ బండిని చుట్టు తిప్పే ఏర్పాటు.

ఇప్పుడు బ్రేకులన్నీ కంప్యూటరు చూసుకుంటుంది కదా అంటారేమో. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ చక్రం బిగియకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. అదే ఏడాది మా పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. (ఆ ప్రాంతం 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది.) సంతోషమే. కాని ఆ కర్మాగారం గేటు ముందు నుంచే అంతకు ముందటి కార్లు వేరుసెనగ మూటలతో, పెళ్ళివారితో, మాలాంటి వృద్ధులతో పోతూనే ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఏబీఎస్ లేదు. వాటికి ఉన్నది తొక్కేవాడి కాలు, విప్పేవాడి బుద్ధి. ఏబీఎస్ ఉన్న బండికైనా పిన్నులో చేరిన దుమ్ము దుమ్మే.

అందుచేత మా సీమవంటి దుమ్ము నేలల్లో ఉన్నవారికి నా మనవి. ఏడాదికొకసారి, తొలకరికి ముందు, నాలుగు చక్రాలూ విప్పించండి. ముందు ప్యాడ్లలో లోపలిదీ బయటిదీ సమంగా అరిగాయో లేదో మీ కళ్ళతో చూడండి. రబ్బరు తొడుగులు వేళ్ళతో తడమండి. ఎక్కువ రోజులు బండి నిలిపితే సమతలంలో, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి ఉంచండి. మెకానిక్ దగ్గర "జామ్" అనకండి. ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని గీతలు, ఎంత బరువు, పట్టి విడవలేదా, ముందే పట్టిందా అని పూర్తి వాక్యంలో చెప్పండి. అతడు అడగకపోయినా చెప్పండి.

ఆయుర్వేదంలో రోగాన్ని గుర్తించడానికి అయిదు సాధనాలు చెప్పారు. నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. ఏది చేస్తే ఉపశమిస్తుందో చూసి రోగం తెలుసుకోవడం ఉపశయం. నిప్పిల్ వదులు చేసి చక్రం తిప్పి చూడడం అదే గదా! గట్టిగా తొక్కవలసి రావడం పూర్వరూపం. నెలల తరబడి నా కాలు నాకు ఆ సంగతి చెబుతూనే ఉంది. నేనే వినలేదు.

ఇక నిదానం. సంస్కృతంలో ఆ మాటకు మూలకారణమని అర్థం. మాధవుడి వైద్య గ్రంథానికి మాధవ నిదానమని పేరు అందుకే వచ్చింది. తెలుగులోకి వచ్చి అది "మెల్లగా, తొందరపడక" అయింది. మూలం వెదికేవాడు తొందరపడడు కాబట్టి ఈ అర్థం పుట్టిందో ఏమో, భాషాశాస్త్రం తెలిసిన మిత్రులు చెప్పాలి. "నిదానమే ప్రధానం" అని లారీల వెనుకా, రోడ్డు పక్క బోర్డుల మీదా రాసి ఉంటుంది. ఇన్నేళ్ళూ దానిని ఒక్క అర్థంలోనే చదివాను. ఇప్పుడు రెండు అర్థాలలోనూ చదువుతున్నాను.

ఎదురింటివారి అరుగుకు సిమెంటు పూయించాను. సాయంకాలం పిల్లలు మళ్ళీ దాని మీదే కూర్చుంటున్నారు. మీ బండ్లతో మీకు కలిగిన అనుభవాలు, ముఖ్యంగా మీ ప్రాంతాల మెకానిక్కులు వాడే మంచి తెలుగు మాటలు, వ్యాఖ్యలలో తెలుపగలరు.

స్వస్తి.